నాన్న పేరు మీద బండి, ఐదేళ్ళ ఇన్సూరెన్స్ అయిపోయింది. థర్డ్ పార్టీ ఒక్కటే చాలా? హెల్మెట్ లేకపోతే క్లెయిమ్ రాదా?

నల్లపాడు కుర్రోడు, గుంటూరు

అందరికీ నమస్తే. మాది 125 సీసీ బండి, 2020 ఆగస్టులో కొన్నాం. షోరూమ్‌లోనే ఐదేళ్ళ ఇన్సూరెన్స్ కట్టించుకున్నారు, అది ఈమధ్యే అయిపోయింది. ఆర్‌సీ నాన్న పేరు మీద ఉంది. ఆయనకి బండి నడపడం రాదు, లైసెన్సూ లేదు, నడిపేదంతా నేనే. పొద్దున మిర్చి యార్డుకి, సాయంత్రం అమ్మని గుడికో డాక్టర్ దగ్గరికో తీసుకెళ్తుంటా. థర్డ్ పార్టీ చాలు, ఫుల్ ఇన్సూరెన్స్ పాత బండికి దండగ అని ఒకడంటాడు. హెల్మెట్ లేకుండా యాక్సిడెంట్ అయితే ఎంత ఇన్సూరెన్స్ ఉన్నా పైసా రాదని ఇంకొకడు. అమ్మ వెనక కూర్చుంటుంది కదా, ఆమెకి ఏదైనా అయితే ఎవరిస్తారని అడిగితే ఇద్దరి దగ్గరా సమాధానం లేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పాత సర్వేయర్, వరంగల్

తమ్ముడూ, ముందు ఆ పాలసీ కాగితం తీసి చదువు. సుప్రీంకోర్టు ఆదేశం మీద 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది. అప్పట్నుంచి షోరూముల్లో ఎక్కువగా అమ్మింది ఒకటి ప్లస్ ఐదు పాలసీ. అంటే నీ బండి పాడైనా, దొంగలెత్తుకెళ్ళినా ఇచ్చేది మొదటి ఏడాది మాత్రమే, ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఐదేళ్ళు. నీది కూడా అదే అయి ఉంటుంది. అలాగైతే 2021 ఆగస్టు తర్వాత బండి పోయినా నీకు రూపాయి వచ్చేది కాదు. ఐదేళ్ళు ఫుల్ ఇన్సూరెన్స్ ఉందనుకుని నిశ్చింతగా తిరిగినవాళ్ళని ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా, అంటే బండికి జరిగిన నష్టం లెక్కగట్టే ఉద్యోగంలో ఉన్నప్పుడు చాలామందిని చూశా. బండి పోయాక కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు, ఓన్ డ్యామేజ్, అంటే సొంత బండి నష్టానికిచ్చే భాగం ఎప్పుడో ముగిసిందని నేను చూపిస్తే నమ్మేవాళ్ళు కాదు.

ఇక రేటు. థర్డ్ పార్టీకి ఏ కంపెనీలోనైనా ఒకటే రేటు, కేంద్రం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి ఉన్న లెక్క ప్రకారం 75 సీసీ దాటి 150 లోపు బండికి ఏడాదికి 714 రూపాయలు, జీఎస్టీ కలిపితే 843 దాకా అవుతుంది. 150 దాటి 350 వరకు 1,366. ఆపైన 2,804. ఎవరైనా "మా దగ్గర థర్డ్ పార్టీ తక్కువకే" అన్నారంటే అక్కడ ఆగి ఆలోచించు, దొంగ పాలసీలు బజార్లో తిరుగుతున్నాయి. కట్టిన తర్వాత బండి నంబర్ కొట్టి ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో పాలసీ కనిపిస్తోందా లేదా చూసుకో.

అన్నిటికంటే ముందు, ఇన్సూరెన్స్ లేని బండిని ఈరోజు బయటికి తీయకు.

ఉప్పల్ రింగురోడ్డు

ఇన్సూరెన్స్ సంగతి సరే గానీ హెల్మెట్ విషయంలో నాకు నిజంగా కోపం ఉంది. మా దగ్గర కానిస్టేబుల్ చెట్టు చాటున నిలబడి ఫోటో కొడతాడు, ఇంటికి చలాన్ వస్తుంది. అట్ల వందా రెండొందలవి జమై జమై వేలు అవుతాయి. మళ్ళీ మా తెలంగాణ ప్రభుత్వమే వచ్చి, 2023 డిసెంబర్‌లో టూవీలర్లకి 80 శాతం మాఫీ, మిగతా 20 శాతం కట్టండి అన్నది. అంతకుముందు 2022లో 75 శాతం. ప్రాణం మీద అంత ప్రేమే ఉంటే మాఫీ ఎందుకు? ఫోటో కొట్టినోడు ఆ మనిషిని అక్కడనే ఆపి హెల్మెట్ పెట్టించాలి కదా? ఆ ఫోటో పడ్డాక కూడా వాడు హెల్మెట్ లేకుండనే ముందుకు పోతున్నాడు. గుంతలు పూడ్చనోళ్ళకి చలాన్ ఎవరు వేస్తరు?

కాకినాడ పోర్టు

ఉప్పల్ అన్నా, మాఫీ గురించి మీరన్నది కరెక్టే. చలానా కట్టకుండా కూర్చుంటే తగ్గిస్తారని జనానికి అలవాటైపోయింది. మా ఆంధ్రాలో హెల్మెట్ లేకపోతే జరిమానా ఇప్పుడు వెయ్యి. వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాల్సిందే. 2024లో హైకోర్టు గట్టిగా చెప్పాక పోలీసులు నిజంగానే ఆపుతున్నారు. కేంద్ర మోటారు వాహనాల చట్టంలో అయితే 2019 సెప్టెంబర్ నుంచే 194డి సెక్షన్ కింద వెయ్యి జరిమానా, మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్ అని ఉంది. లైసెన్స్ సస్పెండ్ చేయడం మొదలుపెడితే తప్ప మారరనేది నా అభిప్రాయం. వెయ్యి రూపాయలైతే ఇంట్లో తిట్టుకుని కట్టేస్తారు.

కోర్టు వరండా, కర్నూలు

నేను మోటార్ యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌లో కేసులు చూసే లాయర్ని. చలానా చర్చ తర్వాత చేసుకుందాం, గుంటూరు తమ్ముడి ప్రశ్న దగ్గరికి వస్తాను. 714 రూపాయలు కట్టకపోతే ఏమవుతుందో అంకెల్లో చెప్తే అర్థమవుతుంది.

ఇన్సూరెన్స్ లేని బండి మీద వెళ్తూ రోడ్డు దాటుతున్న ఒక తాపీ మేస్త్రీని గుద్దావనుకో, మనిషి చనిపోయాడు. వయసు 34, నెలకి 15,000 సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. కోర్టు లెక్క వేసే పద్ధతి 2009 సరళా వర్మ, 2017 ప్రణయ్ సేథీ తీర్పుల్లో స్థిరపడింది. ఏడాదికి 1,80,000. నలభై ఏళ్ళలోపు సొంత పని చేసుకునేవాడు కాబట్టి భవిష్యత్తు ఆదాయం కింద 40 శాతం కలుపుతారు, 2,52,000 అవుతుంది. నలుగురు ఆధారపడ్డవాళ్ళు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 1,89,000 మిగులుతుంది. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకి 16తో గుణిస్తారు. మొత్తం 30,24,000 రూపాయలు. దహన ఖర్చులు, మనిషిని కోల్పోయినందుకు కుటుంబానికిచ్చే పరిహారం (కన్సార్టియం), కేసు వేసిన రోజు నుంచి వడ్డీ దీనికి అదనం.

ఇన్సూరెన్స్ ఉంటే ఈ డబ్బు కంపెనీ కడుతుంది. మరణానికి, గాయాలకి థర్డ్ పార్టీలో పరిమితి లేదు. టూవీలర్ వల్ల ఎదుటివాళ్ళ ఆస్తికి జరిగిన నష్టానికి మాత్రం లక్ష దాకానే. ఇన్సూరెన్స్ లేకపోతే నడిపినవాడూ, ఆర్‌సీలో పేరున్న యజమానీ కట్టాలి. నీ విషయంలో యజమాని అంటే మీ నాన్నగారు. కట్టకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టర్‌కి సర్టిఫికెట్ పంపుతుంది, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. మీకు ఎకరమో అరెకరమో ఉంటే దాని మీదికి వస్తుంది. బండి ఎప్పుడూ ముట్టుకోని తండ్రి పొలం జప్తుకి రావడం నా కళ్ళముందే జరిగింది, పిల్లవాడు ఇన్సూరెన్స్ రెన్యువల్ మర్చిపోయిన పాపానికి.

ఇన్సూరెన్స్ లేకుండా పోలీసులు పట్టుకుంటే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000, రెండోసారి 4,000, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. అయితే నేను చెప్పిన దాని ముందు అది చాలా చిన్నది.

నల్లపాడు కుర్రోడు, గుంటూరు

లాయర్ గారూ, చదువుతుంటేనే చెమటలు పట్టాయి. బండి ఇంట్లోనే పెట్టేశా, రేపు యార్డుకి ఆటోలో వెళ్తా. నాన్నకి కూడా ఇది చదివి వినిపించాను. మరి నాకు ఏదైనా అయితే? పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అని రాసి ఉంది, అది నాకు వస్తుందా?

కోర్టు వరండా, కర్నూలు

రాదు తమ్ముడూ. ఈ సంగతి ఇంటింటికీ తెలియాలి. ఆ 15 లక్షల కవర్ పేరే ఓనర్ డ్రైవర్. ఆర్‌సీలో పేరు, పాలసీలో పేరు, నడిపే మనిషి, లైసెన్స్ నాలుగూ ఒక్కరివే అయి ఉండాలి. మీ నాన్నగారికి లైసెన్స్ లేదు కాబట్టి ఆయనకి రాదు, నువ్వు ఓనర్‌వి కాదు కాబట్టి నీకు రాదు. మీ ఇంట్లో ఎవరికీ పనికిరాని కవర్ అది.

నువ్వే స్కిడ్ అయి పడిపోయావనుకో, అడగడానికి ఎదుటి బండి ఉండదు. నాన్న బండికి థర్డ్ పార్టీ ఉంది కదా అని దాని మీద కేసు వేద్దామంటే, అడిగి తీసుకున్న బండి నడిపేవాడు ఓనర్ స్థానంలోకే వస్తాడు, అతను థర్డ్ పార్టీ కాడు అని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో, మళ్ళీ 2020లో రాంఖిలాడీ కేసులో చెప్పింది.

మంజీర అక్క, సంగారెడ్డి

లాయర్ సార్ చెప్పింది అక్షరాలా నిజం, మా ఇంట్ల జరిగింది. మా మరిది వాళ్ళ దోస్తు బండి తీసుకుని పోయిండు, వాన పడి బండి జారి డివైడర్‌కి కొట్టుకుంది. బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, కవర్ ఉంది, మా మరిదికి లైసెన్స్ ఉంది. కంపెనీవాళ్ళు బండి రిపేరుకి డబ్బులిచ్చిన్రు, మనిషికి ఇయ్యలేదు. బండికిచ్చి మనిషికి ఇయ్యరా అని మా అత్తమ్మ ఇప్పటికీ అడుగుతది, ఆమెకి ఏం చెప్పాల్నో మాకు తెల్వది. అప్పుడే ఎవరన్నా ముందుగాల చెప్పి ఉంటే వేరే పాలసీ తీసుకుంటుంటిమి. తమ్ముడూ, నువ్వు నడిపే బండి నీ పేరు మీద చేయించుకో, ఆలస్యం చేయకు.

పాత సర్వేయర్, వరంగల్

అక్కా, మీ మరిది విషయం విని చాలా బాధేసింది.

ఇక్కడ ఇంకో దారి కూడా ఉంది. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ బండితో సంబంధం లేకుండా మనిషి పేరు మీద విడిగా దొరుకుతుంది. ఎవరి బండి నడిపినా, బస్సులో వెళ్ళినా, ఇంట్లో మెట్ల మీద నుంచి పడినా వర్తిస్తుంది. 2019 జనవరి నుంచి రూలు ఏమిటంటే, 15 లక్షలకి తగ్గకుండా అలాంటిది మీకు ఉంటే బండి పాలసీలో మళ్ళీ కట్టక్కర్లేదు. కుటుంబంలో ఒకే బండిని ముగ్గురు నడిపే ఇళ్ళలో నేను దీన్నే చెప్తాను. ఓనర్ డ్రైవర్ కవర్‌లో ఆస్పత్రి ఖర్చులు రావు, అదీ గుర్తుపెట్టుకోండి. మరణానికి, రెండు కాళ్ళో రెండు చేతులో పూర్తిగా పోయినప్పుడు మొత్తం, ఒక కన్నో ఒక కాలో పోతే సగం. కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉంటే అందులో నుంచి ఏమీ రాదు.

రాత్రి షిఫ్ట్, విశాఖ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఫుడ్ డెలివరీ చేస్తాను, సొంత బండి, సొంత ఆర్‌సీ, ఫుల్ ఇన్సూరెన్స్ కూడా ఉంది. నాకు ఇబ్బంది ఉండదు కదా?

పాత సర్వేయర్, వరంగల్

నీ పాలసీలో "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక పేరా ఉంటుంది, దాన్ని చదువు బాబూ. ప్రైవేటు టూవీలర్ పాలసీలో కిరాయికి తిప్పడం, సరుకు రవాణా చేయడం మినహాయింపు కింద ఉంటాయి. సొంత సామాను, శాంపిళ్ళు వరకే ఒప్పుకుంటారు. డెలివరీ బ్యాగుతో ఉన్న బండి ఫోటోలు సర్వేయర్ రిపోర్టులోకి వెళ్తే బండి రిపేరు క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి కంపెనీకి కారణం దొరికినట్టే. నువ్వు పనిచేసే యాప్ వాళ్ళు పనిలో ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ ఇస్తున్నారా, ఇస్తే లాగిన్‌లో ఉన్నప్పుడేనా లేక ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడేనా, రాతపూర్వకంగా అడిగి తీసుకో. నీ కంపెనీకి కూడా బండి డెలివరీకి వాడుతున్నానని చెప్పి, దానికి తగిన పాలసీ ఇమ్మను. ప్రీమియం కాస్త పెరిగినా పర్వాలేదు.

రాత్రి షిఫ్ట్, విశాఖ

ఇది మాకు ఎవరూ చెప్పలేదు సార్. మా గ్రూపులో పెడతాను, అక్కడ వందల మంది ఇదే పరిస్థితిలో ఉన్నారు.

గిద్దలూరు ఘాట్

హెల్మెట్ లేకపోతే క్లెయిమ్ రాదనే దాని గురించి ఎవరూ చెప్పలేదు. నాకైతే మా ఏజెంట్ ఖచ్చితంగా రాదన్నాడు.

కోర్టు వరండా, కర్నూలు

ఏజెంట్లు చాలామంది అదే చెప్తారు, కానీ అది పూర్తి నిజం కాదు. విడివిడిగా చూద్దాం. బండి రిపేరు క్లెయిమ్‌కి హెల్మెట్‌తో సంబంధమే లేదు. ఓనర్ డ్రైవర్ 15 లక్షల కవర్‌లో మామూలుగా ఉండే మినహాయింపులు తాగి నడపడం, కావాలని చేసుకున్న గాయాలు లాంటివి, హెల్మెట్ లేకపోవడం వాటిలో లేదు. కాబట్టి దాన్నే కారణంగా చూపించి తిరస్కరిస్తే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కి రాయాలి. నెల రోజుల్లో స్పందన లేకపోయినా, నచ్చకపోయినా ఇలాంటి తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు. మన రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.

తేడా వచ్చేది ఎదుటి బండి తప్పుతో నీకు దెబ్బ తగిలి నువ్వు కేసు వేసినప్పుడు. అప్పుడు వాళ్ళ కంపెనీ తరఫు లాయర్ లేచి, ఇతను హెల్మెట్ పెట్టుకోలేదు, తలకి దెబ్బ అందుకే, కాబట్టి కొంత తప్పు ఇతనిదే అంటాడు. ఇక్కడ తీర్పులు ఒకేలా లేవు. ముగ్గురు ఒకే బండి మీద వెళ్ళిన మహమ్మద్ సిద్దిఖీ కేసులో 2020లో సుప్రీంకోర్టు, రూలు తప్పినంత మాత్రాన పరిహారం కోయకూడదు, ఆ తప్పు వల్ల ప్రమాదం జరిగిందనో దెబ్బ పెరిగిందనో రుజువు కావాలి అంది. కాలు విరిగిన కేసులో హెల్మెట్ మాట ఎత్తితే నేను దీన్నే చూపిస్తా. కానీ తలకి దెబ్బ తగిలిన కేసులో ఆ రుజువు వాళ్ళకి సులభంగా దొరుకుతుంది, కొన్ని కోర్టులు కొంత శాతం కోసేశాయి కూడా. ముప్పై లక్షల్లో పది శాతం పోయినా మూడు లక్షలు.

ఇంకోటి, 2022 ఏప్రిల్ నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కేసు వేయాలనే గడువు చట్టంలోకి వచ్చింది. పెద్దకర్మ అయ్యాక చూద్దాం, పంట అయ్యాక చూద్దాం అని ఆగొద్దు.

ఎమర్జెన్సీ వార్డు, తిరుపతి

నేను స్టాఫ్ నర్సుని. క్లెయిములు మీరు చూసుకోండి, హెల్మెట్ గురించి నేను చూసింది చెప్తాను.

మా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలామంది బంధువులు "హెల్మెట్ పెట్టుకున్నాడండీ" అంటారు. అబద్ధం కాదు, పెట్టుకునే ఉంటాడు. స్ట్రాప్ పెట్టుకోడు. ఢీకొట్టిన క్షణంలోనే అది ఎగిరిపోతుంది, తల మళ్ళీ రోడ్డుకి తగిలేసరికి తలమీద ఏమీ ఉండదు. గడ్డం కింద రెండు వేళ్ళు దూరేంత బిగుతుగా ఉండాలి, అంతకంటే వదులుగా ఉంటే లాభం లేదు.

రెండోది రోడ్డు పక్కన అమ్మే రెండొందల హెల్మెట్. దాని లోపల బొటనవేలితో నొక్కి చూడండి. స్పాంజిలా మెత్తగా దిగిపోయి ప్లాస్టిక్ తగిలితే అది ఎండకి పెట్టుకునే టోపీ కిందే లెక్క. అసలైన దాంట్లో మెత్త గుడ్డ వెనక వేలెడు మందాన గట్టి థర్మాకోల్ పొర ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి, మెదడుకి చేరే అదురుని అదే తీసుకుంటుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్‌ని పైకి బాగానే ఉందని మళ్ళీ వాడకూడదు, లోపల ఆ పొర అణిగిపోయి ఉంటుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. ఐఎస్ 4151 అని ఉండాలి, సీఎంఎల్ నంబర్, అంటే తయారీదారు లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో వస్తుంది. స్టిక్కర్ని నమ్మకండి, నంబర్ కొట్టి చూడండి.

హెల్మెట్ వల్ల మరణాలు 42 శాతం, తల గాయాలు 69 శాతం తగ్గుతాయని కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ వాళ్ళు ఎన్నో దేశాల అధ్యయనాలు కలిపి తేల్చారు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. మా వార్డులో వాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. ఒకపక్కకి కూర్చుని ఒక చేత్తో బిడ్డని, ఇంకో చేత్తో సంచీని పట్టుకుని వెళ్తారు, పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక్కి పడితే తల వెనక భాగం నేరుగా రోడ్డుకి తగులుతుంది. నడిపే అబ్బాయికి గీత కూడా పడదు. గుంటూరు తమ్ముడూ, అమ్మగారికి హెల్మెట్ కొన్నావా?

బెజవాడ ఎండ

నర్సమ్మ గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, కానీ మే నెలలో మా ఊళ్ళో మధ్యాహ్నం ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకుంటే కళ్ళు తిరుగుతాయండీ. చెమట కళ్ళలోకి కారుతుంది, హారన్ వినపడదు. పట్నం లోపల నలభై లోపు స్పీడ్‌లో వెళ్ళేవాడికి కూడా ఇది కావాలా?

ఎమర్జెన్సీ వార్డు, తిరుపతి

కావాలండీ. నిలబడి ఉన్న మనిషి వెనక్కి పడి తల కొట్టుకుంటేనే మెదడులో రక్తం గడ్డ కడుతుంది, మీరు నలభైలో వెళ్తున్నారు. ఎండకి దారులున్నాయి. ముందు గాలి రంధ్రాలు, వెనక బయటికి పోయే రంధ్రాలు ఉన్న మోడల్ తీసుకోండి, లోపలి గుడ్డ ఊడదీసి ఉతికేది చూసుకోండి, తలకి పల్చటి కాటన్ గుడ్డ కట్టుకుని పైన పెట్టుకోండి. ఫుల్ ఫేస్ అసలు భరించలేకపోతే ఐఎస్ఐ ఉన్న ఓపెన్ ఫేస్ అయినా పెట్టుకోండి, దవడకి రక్షణ తగ్గుతుంది గానీ తలకి ఉంటుంది. వినపడకపోవడం గురించి అయితే, సైజు సరిగ్గా ఉంటే హారన్ వినపడుతుంది.

టాంపా తెలుగోడు

నేను ఫ్లోరిడాలో ఉంటాను. ఇక్కడ హెల్మెట్‌కీ ఇన్సూరెన్స్‌కీ చట్టంలోనే ముడి పెట్టారు కాబట్టి చెప్తున్నా. 21 ఏళ్ళు దాటినవాళ్ళు కనీసం 10,000 డాలర్ల వైద్య ఖర్చుల ఇన్సూరెన్స్ ఉంటే హెల్మెట్ లేకుండా నడపొచ్చు, 2000 నుంచి ఇదే పద్ధతి. మిషిగన్‌లో కూడా 2012లో ఇలాంటిదే తెచ్చారు, అక్కడ 20,000 డాలర్లు. వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది. కానీ ఇక్కడ తలకి దెబ్బ తగిలి ఐసీయూలో చేరితే ఆ పది వేలు ఎన్ని గంటలకి సరిపోతాయో ఆలోచించండి. మన దేశంలో ఆ దారి పట్టకుండా అందరికీ ఒకటే రూలు పెట్టడం నాకు నచ్చింది. నేను మాత్రం ఇక్కడ కూడా హెల్మెట్ లేకుండా బండి తీయను.

ఉప్పల్ రింగురోడ్డు

నేను హెల్మెట్ వద్దనలేదు బ్రదర్, పెట్టించే పద్ధతి గురించి అన్నా. నర్సమ్మ చెప్పిన స్ట్రాప్ సంగతి ఏ పోలీసన్నా చూస్తున్నడా? తలమీద ఏదో ఒక గిన్నె కనిపిస్తే చాలు, పోనిస్తున్నరు. నకిలీ హెల్మెట్లు పోలీస్ స్టేషన్ పక్కనే అమ్ముతుంటే ఆపరు. ఇంకోటి, కొత్త బండి కొన్నప్పుడు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలని మోటారు వాహనాల రూల్స్‌ల 138వ రూలు కింద ఉంది. ఎంతమందికి ఇచ్చిన్రు? నాకైతే ఇవ్వలేదు, అడిగితే యాక్సెసరీస్ బిల్లుల వేసిన్రు. అది అమలు చేస్తే చలాన్ల కన్నా ఎక్కువ తలలు కాపాడొచ్చు.

కాకినాడ పోర్టు

ఇది బాగా చెప్పారు. బిల్లు మీద హెల్మెట్ లైన్ చూసి రవాణా శాఖకి ఫిర్యాదు ఇచ్చేవాళ్ళు పదిమంది ఉన్నా డీలర్లు దారికొస్తారు.

ఇద్దరు పిల్లల తల్లి, నిజామాబాద్

పిల్లల గురించి ఎవరైనా చెప్పండి. మా బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడు. ఇద్దర్నీ స్కూలుకి స్కూటీ మీదే దింపుతాను. పిల్లలకి కూడా హెల్మెట్ తప్పనిసరా?

కోర్టు వరండా, కర్నూలు

అమ్మా, తలపాగా కట్టుకున్న సిక్కులకి తప్ప నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి, 129వ సెక్షన్. కాబట్టి బాబుకి ఉండాల్సిందే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి 2023 ఫిబ్రవరి 15 నుంచి వేరే రూలు ఉంది. వాళ్ళ తలకి సరిపోయే హెల్మెట్, బిడ్డని నడిపేవాళ్ళకి కట్టి ఉంచే సేఫ్టీ హార్నెస్ ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. అయితే అసలు ఇబ్బంది ఇంకొకటి, బండి ఇద్దరికే. మీరు ఇద్దరు పిల్లలతో వెళ్తున్నారు. కుదిరితే పాపని వేరే దింపండి.

ఎమర్జెన్సీ వార్డు, తిరుపతి

పాపని ముందు నిలబెట్టకండి అక్కా. బ్రేక్ వేస్తే ముఖం హ్యాండిల్‌కి తగులుతుంది, ఆ దెబ్బలు చాలా చూశాం. పెద్దవాళ్ళ హెల్మెట్ పిల్లలకి పెట్టకండి, మెడ మీద భారం పడుతుంది, తిరిగిపోతుంది కూడా.

నల్లపాడు కుర్రోడు, గుంటూరు

అందరికీ చాలా థాంక్స్. ఈరోజు సాయంత్రం ఐఎస్ఐ చూసి అమ్మకి ఓపెన్ ఫేస్ ఒకటి కొన్నాను, తొమ్మిదొందల యాభై. నంబర్ యాప్‌లో కొట్టి చూశాకే డబ్బులిచ్చా. కొప్పు ఉంది, సరిగ్గా కూర్చోవట్లేదంటే జడ వేసుకుంటానంది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. అమ్మకి ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీలో వస్తుందా? బండి నా పేరుకి మార్చాక పాలసీ తీసుకోవాలా, ముందే తీసుకోవాలా?

కోర్టు వరండా, కర్నూలు

వెనక కూర్చున్నవాళ్ళు ఉత్త థర్డ్ పార్టీ పాలసీ కిందికి రారని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి మీద వెనక కూర్చున్న అమ్మ మన దృష్టిలో మూడో మనిషే, కానీ ఆ పాలసీ దృష్టిలో కాదు. ప్యాకేజీ పాలసీ, అంటే మీరు ఫుల్ ఇన్సూరెన్స్ అనేది తీసుకుంటే వెనక కూర్చున్నవాళ్ళకి కూడా బాధ్యత కంపెనీదే, 2012 బాలకృష్ణన్ తీర్పులో ఇది వివరంగా ఉంది. పాత బండికి ఫుల్ ఎందుకు అన్న నీ ఫ్రెండ్‌కి ఇది చెప్పు.

పాత సర్వేయర్, వరంగల్

నాదీ అదే మాట. ఐదేళ్ళు దాటిన బండికి రిపేరు క్లెయిమ్‌లో పెద్దగా రాదు, మెటల్ పార్టులకి 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరుకి సగం తరుగు కింద తీసేస్తారు. ఆ లెక్కన చూస్తే దండగలాగే కనిపిస్తుంది. రోజూ అమ్మని ఎక్కించుకునేవాడివి కాబట్టి ఆమె కోసం తీసుకో.

వరుస ఇలా పెట్టుకో. ఆర్‌సీ మార్చడానికి ఆర్టీఏలో చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు. కాబట్టి రేపే నాన్నగారి పేరు మీద ప్యాకేజీ తీసుకో, ఓన్ డ్యామేజ్ ఎప్పుడో తెగిపోయింది కాబట్టి కంపెనీవాళ్ళు బండి ఫోటోలు గానీ వీడియో గానీ అడుగుతారు, నాలుగు వైపులా, ఛాసిస్ నంబర్ కూడా కనపడేలా తీసి పంపు. తర్వాత 29, 30 ఫారాలు నింపి మీ ఇద్దరి సంతకాలతో ట్రాన్స్‌ఫర్ పెట్టు. బదిలీ తేదీ నుంచి పద్నాలుగు రోజుల్లో పాలసీలో నీ పేరు మార్పించుకో, ఓనర్ డ్రైవర్ కవర్ అప్పుడు నీ పేరున కలిపించుకో. ఈ మధ్య కాలానికి నీ పేరు మీద విడి పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి ఉంటే ఆ సందు కూడా ఉండదు.

గిద్దలూరు ఘాట్

సర్వేయర్ గారూ, ఇదే మాట బండి అమ్మేసినవాళ్ళకి కూడా వర్తిస్తుందా? నేను పోయినేడు నా పాత బండిని మా ఊరి అతనికి అమ్మాను, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశాను, అతను ఇంకా మార్పించుకోలేదు.

కోర్టు వరండా, కర్నూలు

వర్తిస్తుంది, మీరు వెంటనే కదలాలి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్ అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, బండి ఎన్ని చేతులు మారినా సరే. ఆయన ఇన్సూరెన్స్ లేకుండా ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికి వస్తుంది. ముందు బండి నంబర్‌తో ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. ఆయన్ని వెంటబెట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళి ట్రాన్స్‌ఫర్ పూర్తి చేయించండి. ఆయన రానంటే బండి అమ్మినట్టు తేదీతో సహా ఆర్టీఏకి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి, అమ్మకం కాగితం జిరాక్స్ జతచేయండి. దానితో మీ బాధ్యత పూర్తిగా పోదు, ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా వదలకండి.

గిద్దలూరు ఘాట్

ఇప్పుడే నంబర్ కొట్టి చూశా. ఇన్సూరెన్స్ మార్చిలోనే అయిపోయింది. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తున్నా.